యాన్బు యాంకర్స్ ఆడిన ఏడు ఆటలు

గోడ మీద భూషణం పేరు చూడగానే షాకీర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో ఉన్న బెల్టును అక్కడే నేల మీద పడేశాడు. అతనికి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా పేర్లూ అంకెలూ కూడబలుక్కుని చదవగలడు. 'నంబర్ 52, సెంటర్, జి. భూషణం' అని ఉంది. తప్పు చదివానేమోనని ఇంకోసారి చదివాడు. అదే ఉంది.

ఆ అక్షరాల పైన నిలువెత్తు ఫోటో. నీలం జెర్సీ, ముఖాన్ని కప్పేసిన హెల్మెట్, నేల మీది బంతిని రెండు చేతులా పట్టుకుని వంగి ఉన్న మనిషి. ఆ మనిషి భూషణమట. ఏం చెప్పాలి! భూషణం ఏడు జన్మలెత్తినా ఆ భుజాలు వస్తాయా? ఆఫీసు కుర్చీలోంచి లేవడానికే రెండు చేతులూ ఆనించే మనిషి. ఆ ఫోటోలో ఉన్నది పీరయ్య. జమ్మలమడుగు దగ్గరి దూదేకుల పీరయ్య. ఇరవై రెండేళ్లుగా సౌదీలో, ఈ యాన్బులో, ఇదే కంపెనీలో రిగ్గింగ్ ఫోర్‌మన్. శుక్రవారం విమానానికి ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి వెళ్లిపోతున్నాడు, మళ్లీ తిరిగి రాడు.

ఆ సోమవారం ఉదయం పీరయ్య అక్కడే, ఇరవై అడుగుల దూరంలో, స్కోర్‌బోర్డును పైకెత్తిస్తున్నాడు. కంపెనీ కొత్తగా మైదానం కట్టింది. నడుముకు జెండా పీలికలు కట్టుకుని ఆడే ఫ్లాగ్ ఫుట్‌బాల్ కోసం. గురువారం సాయంత్రం ప్రారంభం. లోపల నడవాలో గోడంతా 'యాన్బులో అమెరికన్ ఫుట్‌బాల్ చరిత్ర' అని రంగురంగుల బోర్డులు పెట్టారు. రిగ్గర్లంటే బరువులకు తాళ్లు, బెల్టులు కట్టి, చేతి సైగలతో క్రేను నడిపేవాడికి దారి చూపించే వాళ్లు. పీరయ్య చూపుడువేలు పైకెత్తి గాలిలో గుండ్రంగా తిప్పితే టన్నుల బరువు లేస్తుంది. పిడికిలి బిగిస్తే ఆగుతుంది. షాకీర్ అతని దగ్గరే పని నేర్చుకున్నాడు. రాయచోటి నుంచి వచ్చిన కొత్తలో క్యాంపులో పక్క మంచం పీరయ్యది. అప్పట్నుంచీ మామా అనే పిలుపు.

"మామా, ఒకసారి ఇట్ల రా" అని పిలిచాడు షాకీర్. పీరయ్య బోర్డు కూర్చున్నదాకా ఆగి, చేతులు తుడుచుకుంటూ వచ్చి ఫోటో చూశాడు. చాలాసేపు చూశాడు. ఫోటో బాగా వచ్చిందన్నాడు. షాకీర్ కింద పేరు చదివి చెప్పాడు. పీరయ్య క్రేను దగ్గరికి వెళ్లిపోయాడు.

అది చూసి షాకీర్‌కు ఇంకా ఒళ్లు మండింది.

ఆ జట్టు సంగతి గోడ మీద రాసినట్టు కాదు, జరిగినట్టు చెప్పుకోవాలి. యాన్బు యాంకర్స్ పద్నాలుగు నెలలు బతికింది. ఏడు ఆటలు ఆడి, ఆరు ఓడి, ఒకటి గెలిచింది. అంతే దాని బతుకు. ఆరేళ్ల కిందట ప్లాంటును మరమ్మతులకు ఆపి పెద్ద షట్‌డౌన్ పెట్టినప్పుడు డెన్నిస్ అని ఒక అమెరికా ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సాయంత్రాలు పొద్దుపోక, తన ఊళ్లో ఆడిన ఆటే ఇక్కడా ఆడదామన్నాడు. తబూక్‌లో ఒక జట్టు, అల్ ఖర్జ్‌లో పాల ఫారాల ఆఫీసు వాళ్లది ఒక జట్టు అప్పటికే తయారై ఉన్నాయట. మూడు జట్లూ కలిసి లీగ్ అని పేరు పెట్టుకున్నాయి. మూడు జట్ల లీగు!

ఆఫీసుల్లోంచి పరుగెత్తేవాళ్లు దొరికారు, బంతి విసిరేవాళ్లు దొరికారు. అడ్డంగా నిలబడి తోపులు తినేవాళ్లు మాత్రం దొరకలేదు. ఆ ఆటలో బంతి గుండ్రంగా ఉండదు, నిమ్మకాయలా రెండు కొనలుంటాయి. సెంటర్ అనేవాడు నేలకు వంగి, తన కాళ్ల సందులోంచి దాన్ని వెనకవాడికి అందించాలి. అందించిన మరుక్షణం ఎదుటి జట్టువాళ్లు మీద పడతారు. వాళ్లను ఒంటిచేత్తో ఆపుకోవాలి. వెనకవాడు విసిరితే వాడికి చప్పట్లు, ముందువాడు పరుగెత్తితే వాడికి చప్పట్లు. వంగినవాడికి ఏమీ ఉండదు. డెన్నిస్ ప్లాంటులో తిరుగుతూ, ఊగుతున్న పైపుకు భుజం ఆనించి నిలబెట్టిన పీరయ్యను చూశాడు. మర్నాడే క్యాంపుకు వచ్చాడు. పీరయ్యతో పాటు మరో ఐదుగురిని ఎంచుకున్నాడు.

షాకీర్ కూడా వెళ్లి వరసలో నిలబడ్డాడు. అప్పుడతని బరువు యాభై నాలుగు కిలోలు. డెన్నిస్ నవ్వి, భుజం తట్టి, పంపేశాడు. ఆ పూట షాకీర్ అన్నం తినలేదు. "నువ్వు కార్డుల సంగతి చూసుకో అల్లుడా, అదీ ఆటే" అన్నాడు పీరయ్య.

కార్డుల సంగతంటే ఇది. మైదానం స్టాఫ్ కాంపౌండులో ఉంది. స్టాఫ్ గ్రేడు వాళ్లు తప్ప కూలి గ్రేడు వాళ్లు ఆ గేటు దాటకూడదు. బంతిని కాళ్ల సందులోంచి ఇవ్వడానికి కూడా గ్రేడుండాలి మరి. భూషణం అప్పుడు అడ్మిన్ ఆఫీసులో గుమాస్తా, జట్టుకు మేనేజరు. భీమవరం వైపు మనిషి. ఉపాయం అతనే చెప్పాడు. ఆటగాళ్ల రిజిస్టరులో ఆరుగురికీ స్టాఫ్ పేర్లే రాశాడు. పీరయ్యకు తన సొంత పేరే ఇచ్చాడు, తన గేటు కార్డే ఇచ్చాడు. హెల్మెట్ పెట్టుకుంటే ఎవడు చూడొచ్చాడయ్యా అన్నాడు. ఆ రోజున అది మేలే. షాకీర్ కూడా కాదనడు. కర్టెన్లు మూసిన బస్సులో ఆరుగురినీ తీసుకెళ్లి తీసుకొచ్చింది భూషణమే.

ఇక ప్లాంటులో హాజరు కార్డు. క్యాంపులో అదొక వాడుక. ఒకడికి జ్వరమొచ్చినా, ఒకడు పాస్‌పోర్టు పని మీద పోయినా, పక్కవాడు వాడి కార్డు కూడా మిషన్ మీద గీకేవాడు. వాడి పని కూడా తనే చేసేవాడు. పక్కవాడికి అన్నం తీసిపెట్టినంత మామూలు సంగతి, దాన్ని తప్పని ఎవరూ అనుకోలేదు. ఏడు ఆటలకూ, అంతకు ముందు సాధనలకూ పీరయ్య కార్డు గీకింది షాకీర్. ఆ పూటలన్నీ ఇద్దరి పనీ చేసింది షాకీర్. అందుకే ఒక్క ఆట కూడా అతను కళ్లారా చూడలేదు. తిరిగొచ్చాక పీరయ్య నడుముకు నూనె రాస్తూ విన్నాడు, అంతే.

విన్నదాంట్లో అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్నది ఏడో ఆట. తబూక్ జట్టుతో. ఆ రోజు ఎడారి వైపు నుంచి ఇసుక గాలి లేచింది. పక్కన ప్లాంటు హోరు. బంతి ఎప్పుడివ్వాలో వెనకవాడు నోటితో అరిచి చెప్పాలి. అరిచినా వినపడితేగా! మూడుసార్లు తప్పుగా అందించి, మూడుసార్లూ చీవాట్లు తిన్నాడు పీరయ్య. అప్పుడు అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి, తన భాషలో తను చెప్పాడు. క్రేను సైగలు వాడదామన్నాడు. వెనకవాడు వేలు గుండ్రంగా తిప్పితే బంతి ఇస్తాను. చెయ్యి కుడికి చాపితే కుడికి పరుగు. ఎడమకు చాపితే ఎడమకు. పిడికిలి బిగిస్తే ఎవరూ కదలొద్దు. ఆరుగురు రిగ్గర్లకూ అది తిండి తిన్నంత తేలిక. మిగిలినవాళ్లు ఐదు నిమిషాల్లో నేర్చుకున్నారు. పీరయ్య వంగి, కాళ్ల సందులోంచి వెనకవాడి వేలు చూస్తూ బంతి ఇచ్చాడు. తబూక్ వాళ్లకు తలా తోకా అర్థం కాలేదు. ఆట ఇక ముగుస్తుందనగా ఇద్దరిని రెండు చేతులతో పక్కకు తోసి దారి చేశాడు పీరయ్య. ఆ దారిలోంచి జెరోమ్ అనే ఫిలిప్పీన్స్ ఎలక్ట్రికల్ ఇంజినీరు గీత దాటాడు. ఆరు, మూడు. యాంకర్స్ గెలిచింది.

ఆ తర్వాత ఆట లేదు. షట్‌డౌన్ ముగిసింది, డెన్నిస్ వెళ్లిపోయాడు. కరోనా వచ్చింది. కాంట్రాక్టులు తీరి ఒకడు ఖతర్, ఒకడు మనీలా, ఒకడు పెషావర్. ఆ జట్టులో ఇప్పుడు యాన్బులో మిగిలింది పీరయ్యా, భూషణమూ. శుక్రవారం దాటితే భూషణం ఒక్కడే.

గోడ మీద ఆ ఏడో ఆట గురించి కూడా ఉంది. 'మేనేజర్, సెంటర్ జి. భూషణం ఆలోచనతో చేతి సైగల వ్యూహం' అట.

షాకీర్ ఆ మధ్యాహ్నమే భూషణం గదికి వెళ్లాడు. ఇప్పుడు భూషణం గుమాస్తా కాదు, అసిస్టెంట్ మేనేజరు. గోడ మీది చరిత్రంతా రాసిచ్చింది ఆయనే. షాకీర్ చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నాడు. రిజిస్టర్లో ఏముందో అదే రాశామన్నాడు. రిజిస్టరు ఎవరు రాశారు సార్ అని అడిగాడు షాకీర్. భూషణం చాయ్ తెప్పిస్తానన్నాడు. షాకీర్ వద్దన్నాడు.

"చూడవయ్యా" అన్నాడు భూషణం చివరికి, గొంతు తగ్గించి. "పీరయ్య శుక్రవారం వెళ్లిపోతున్నాడు. ఈ గోడ అతను చూడొస్తాడా? నాకింకా రెండేళ్ల సర్వీసుంది. మా అమ్మాయికి ఆ ఫోటో పంపాను. కాలేజీలో అందరికీ చూపించుకుంది. ఇప్పుడేం చెప్పమంటావ్ దానికి?"

"నిజం చెప్పండి సార్."

"నిజవా? ప్లాంటు హాజరు తీయించనా? ఆ ఏడు రోజులూ పీరయ్య డ్యూటీలో ఉన్నాడని ఉంటుంది. నువ్వు గీకిన కార్డే కదా. మైదానంలో ఎలా ఉంటాడు మరి?"

భూషణం బెదిరించినట్టు కూడా అనలేదు, ఉన్న మాటే చెప్పినట్టు అన్నాడు. షాకీర్‌కు అప్పుడు అర్థమైంది. ఆరేళ్లుగా తను చేసిన మేలు అనుకున్నది, మామను ఆ గోడ మీంచి తుడిచేసిన గుడ్డ. తను ఎంత శ్రద్ధగా గీకాడో! ఒక్క పూట మర్చిపోయి ఉంటే, ఒక్క రోజు గైర్హాజరు పడి ఉంటే, ఈరోజు సాక్ష్యానికి అదైనా ఉండేది.

ఆ సాయంత్రం క్యాంపులో పీరయ్య అట్టపెట్టెకు టేపు వేస్తున్నాడు. షాకీర్ మంచం మీద కూర్చుని భూషణాన్ని తిట్టినన్ని తిట్లు తిట్టాడు. భూషణం అయ్యాక కంపెనీని తిట్టాడు. గ్రేడులు పెట్టినవాళ్లను తిట్టాడు. కాళ్ల సందులోంచి బంతి ఇవ్వడం ఒక ఆటా అని ఆ ఆటను కూడా తిట్టాడు. పీరయ్య వింటూ టేపు పళ్లతో కొరికాడు.

"ఖల్లీవల్లీ" అన్నాడు. పోనీ, వదిలెయ్ అనడానికి అరబ్బుల దగ్గర నేర్చుకుని అక్కడ అందరూ వాడే మాట అది. "పేరు యాడుంటే ఏంది రా. ఆడింది నేను. అది నాకు తెల్సు, నీకు తెల్సు."

"నేను చూడలేదు మామా. ఒక్క ఆటా చూడలేదు. నువ్వు ఆడ ఉన్నావనేదానికి నా దగ్గర ఉండే సాక్ష్యం ఒకటే. నువ్వు ఈడ లేవు."

పీరయ్య టేపు పక్కన పెట్టి అతని ముఖంలోకి చూశాడు. పిచ్చి పిచ్చి పనులేమీ చేయొద్దన్నాడు. కార్డుల మాట ఎక్కడా ఎత్తొద్దన్నాడు. ఎత్తనని షాకీర్ చెప్పాడు. చెప్పేటప్పుడే అబద్ధమని అతనికి తెలుసు. నా పేరు ఎక్కించమని మామ ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది. అడగడే! ఇరవై రెండేళ్లలో ఏదీ అడగని మనిషి. ఆ మంచితనం మీద కూడా కోపం వచ్చింది షాకీర్‌కు.

మంగళవారం డ్యూటీ దిగగానే రికార్డ్స్ ఆఫీసుకు వెళ్లాడు. అక్కడ ముబష్షిరా ఉంటుంది. హైదరాబాదు అమ్మాయి, చదువుకున్నది, మూడేళ్లుగా ఉద్యోగుల ఫైళ్లన్నీ ఆమె చేతి కిందే. కూలి గ్రేడు వాళ్లను కూడా భాయ్ అని పిలిచి కుర్చీ చూపిస్తుంది. షాకీర్ చెప్పింది మొత్తం విని, పెన్ను పక్కన పెట్టింది.

గోడ మీద పేరు మార్చాలంటే రాతపూర్వక రుజువు కావాలంది. పీరయ్య ఆ రోజుల్లో ప్లాంటులో లేడని ఎవరైనా రాసివ్వాలి. రాసిచ్చేవాడు, అతని కార్డు తనే గీకానని ఒప్పుకోవాలి. దొంగ హాజరుకు శిక్ష ఏమిటో షాకీర్‌కు ఆమె చెప్పనక్కరలేదు. ఉద్యోగం ఊడుతుంది, అక్కడ ఉండనిచ్చే ఇఖామా రద్దవుతుంది, వారంలో ఇంటికి పంపేస్తారు. షాకీర్‌కు ఇద్దరు పిల్లలు. రాయచోటిలో ఇల్లు సగం లేచి ఉంది.

"షాకీర్ భాయ్, ఒకసారి ఎంటర్ చేస్తే నేను డిలీట్ చెయ్యలేను. మంచిగ ఆలోచించుకొని రా" అంది ఆమె.

"ఆలోచించినా మేడమ్. రాయండి."

ఆమె వెంటనే రాయలేదు. లేచి నీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను తాగలేదు. నిలబడే ఉన్నాడు. చివరికి అతను తెలుగులో చెబుతూ పోతే ఆమె ఇంగ్లీషులో టైపు చేసింది. తేదీలు గుర్తున్నాయా అని అడిగింది. ఏడు తేదీలూ తడుముకోకుండా చెప్పాడు. సంతకం పెట్టి బయటికొచ్చాక గేటు దాకా గోడ పట్టుకుని నడిచాడు. భయం కాదు, అంత కోపం ఒంట్లో పెట్టుకుని నడవడం కష్టమైంది.

బుధవారం పదకొండింటికి నలుగురినీ ఇంజినీర్ నౌఫ్ గదికి పిలిచారు. ఆమె సౌదీ అమ్మాయి, కొత్త మైదానం బాధ్యతంతా ఆమెదే. ఏడాది కిందట జెద్దా నుంచి వచ్చింది. పాత జట్టును ఆమె ఎరగదు. ముబష్షిరా ఒక పక్క కూర్చుంది, ఇటు మాట అటు చెప్పడానికి. భూషణం తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు, మెడంతా చెమట. పీరయ్యను నేరుగా పని మీంచి పిలిపించారు. ఎందుకు పిలిచారో అతనికి తెలియదు. షాకీర్ అతని వైపు చూడలేదు.

నౌఫ్ కాగితం చదివింది. అందులో ఏముందో ముబష్షిరా తెలుగులో చెప్పింది. కార్డు గీకాను అన్న మాట దగ్గర పీరయ్య తల గిర్రున షాకీర్ వైపు తిరిగింది.

నౌఫ్ మొదట భూషణాన్ని అడిగింది. ఫోటోలో ఉన్నది మీరేనా? భూషణం గొంతు సవరించుకున్నాడు. రిజిస్టరులో అలాగే ఉంది మేడమ్ అన్నాడు. మీరేనా అని ఆమె మళ్లీ అడిగింది. ఔనన్నాడు. అనేటప్పుడు టేబులు వైపు చూశాడు.

"ఒక్కసారి వంగి చూపించమనండి మేడమ్. బంతి కూడా వద్దు. ఉత్తగ వంగమనండి" అన్నాడు షాకీర్.

ముబష్షిరా ఆ మాట అనువాదం చేయలేదు. నౌఫ్‌కు అర్థమైనట్టే ఉంది, చేత్తో వారించింది. పీరయ్య వైపు తిరిగి, కుర్చీలో ముందుకు జరిగింది. ఆమె మర్యాదగానే అడిగింది. ఆ జట్టులో ఆడింది మీరైతే ఇప్పుడు చెప్పండి, రేపు ప్రారంభానికి ముందే పేరు మారుస్తాను అంది. అయితే ఈ కాగితం కూడా నిజమవుతుంది, దాని మీద చర్య తీసుకోక తప్పదు అని కూడా అంది.

చెప్పు మామా, ఇరవై రెండేళ్లలో ఒక్కసారి నోరు తెరువు అని షాకీర్ లోపల్లోపల మొత్తుకున్నాడు. నా సంగతి నేను చూసుకుంటా, చెప్పు.

"నేనా?" అన్నాడు పీరయ్య. "నేను ఆ బంతిని చేత్తో కూడా తాకలేదమ్మా. ఆ ఏడు దినాలూ ప్లాంటులోనే ఉండా. కార్డు చూసుకోండి. ఈ పిల్లోడు మంచోడే. నేను పోతాండానని మనసు చెడి, ఏందేందో రాసినాడు. వాని మాట పట్టుకోవాకండి."

ముబష్షిరా తల దించుకుని, ఒక్కొక్క మాటా ఇంగ్లీషులో చెప్పింది.

"అబద్ధం" అన్నాడు షాకీర్. "అబద్ధం చెప్తాండాడు. మామా, నా ముఖం చూసి చెప్పు."

పీరయ్య అతని ముఖం చూడలేదు. నా పని ఉంది, క్రేను నిలబడి ఉంది, పోవచ్చా అని అడిగాడు. నౌఫ్ తల ఊపింది. పీరయ్య లేచాడు, తలుపు దగ్గర హెల్మెట్ తీసుకున్నాడు, వెళ్లిపోయాడు. ఎత్తులన్నీ మోసి వంగిపోయిన ఆ వెడల్పాటి వీపు భూషణం కళ్ల ముందు నుంచే బయటికి నడిచింది. భూషణం చూశాడు. చూసి కూడా కుర్చీలోంచి లేవలేదు. ఆ క్షణంలో మనిషన్నవాడెవడైనా లేచి నిలబడేవాడు.

ఆటగాడే ఆడలేదన్నాక ఇంకేముంది? దొంగ హాజరు జరగలేదు. కార్డు నిజం, రిజిస్టరు నిజం, గోడ నిజం. అబద్ధమాడింది ఒక్క షాకీర్. ఉద్యోగం నిలబడింది. పై అధికారి మీద తప్పుడు ఫిర్యాదు రాసినందుకు ఒక వార్నింగ్ లెటర్, ఆర్నెల్లు ప్రమోషన్ లేదు. నౌఫ్ గొంతు కఠినంగా ఏమీ లేదు. షాకీర్ వెళ్లేముందు ఆమె అతన్ని కాసేపు అలాగే చూసింది. ఆ తర్వాత ఫోను మోగితే అందుకుంది.

పక్క గదిలో ముబష్షిరా వార్నింగ్ లెటర్ టైపు చేసి, అతని ముందు పెట్టి, అర్థం చెప్పింది. 'రిగ్గర్ షేక్ షాకీర్, తన సహోద్యోగి ఒకరు పూర్వం కంపెనీ జట్టులో ఆడినట్టు తప్పుడు సమాచారం ఇచ్చినందుకు' అని ఉంది. కింద సంతకానికి గీత.

షాకీర్ పెన్ను తీసుకోలేదు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. కాగితం వైపే చూస్తూ, ఇది ఎన్నాళ్లుంటుందని అడిగాడు. ఫైల్లో పర్మనెంటుగా ఉంటుందంది ఆమె. రియాద్ హెడ్డాఫీసుకు కూడా ఒక కాపీ వెళుతుందంది. ఎవరూ తీసెయ్యడానికి లేదా అని అడిగాడు. లేదంది.

"అయితే సహోద్యోగి ఒకరు అంటే ఎవరు మేడమ్? కంపెనీలో నాలుగు వేల మంది ఉండాం. నేను ఎవరి గురించి అబద్ధం చెప్పినానో రాయొద్దా? పేరు రాయండి. పూర్తి పేరు. దూదేకుల పీరయ్య. యాన్బు యాంకర్స్ అని రాయండి. సెంటర్ అని రాయండి. నంబరు యాభై రెండు. ఏడు ఆటలు. సైగలు ఆయన నేర్పించినాడని కూడా చెప్పినాను నేను, అది కూడా రాయండి. చెప్పిన అబద్ధం మొత్తం రాయండి. అప్పుడు పెడతా సంతకం."

ముబష్షిరా అతన్ని చూసింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటి కాగితం చింపేసి, మళ్లీ టైపు చేయడం మొదలుపెట్టింది. ప్రతి అక్షరం పాస్‌పోర్టులో ఉన్నట్టు సరిచూసుకుని కొట్టింది. పేరు మధ్యలో ఒక అక్షరం తేడా పడితే చెరిపి మళ్లీ కొట్టింది. ఏడు తేదీలు కూడా వేసింది, అతను అడక్కపోయినా. రెండు కాపీలు తీయాల్సిన చోట మూడు తీసింది. షాకీర్ మూడింటి మీదా సంతకం పెట్టాడు. కాగితం చిరిగిపోతుందేమో అన్నంత గట్టిగా ఒత్తి పెట్టాడు.

మైదానంలో పీరయ్య నీడ చూసుకుని పైపుల మీద కూర్చుని ఉన్నాడు. ఇరవై రెండేళ్లలో చివరి పని రోజు. షాకీర్ వెళ్లి అతని ఎదురుగా నిలబడ్డాడు, కూర్చోలేదు.

"ఏమిచ్చినారు రా?" అని అడిగాడు పీరయ్య. "ఉద్యోగం ఉంది కదా?"

"ఉంది. ఇదిగో, నువ్వు ఆడలేదని కంపెనీ రాసిచ్చింది" అన్నాడు షాకీర్. కాగితం అతని ఒళ్లో పడేశాడు. "రియాద్‌లో కూడా పెట్టుకుంటారంట. నువ్వు ఏ జట్టులో ఆడలేదో, ఏ నంబరు వేసుకోలేదో, ఏయే తేదీల్లో ఆడలేదో, అన్నీ ఉండాయి. నీ పేరుతో సహా."

పీరయ్యకు ఇంగ్లీషు రాదు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పేరు ఎక్కడుందో చూపించమన్నాడు. షాకీర్ వేలు పెట్టి చూపించాడు. అక్కడ బొటనవేలు ఆనించి, చదవమన్నాడు పీరయ్య. షాకీర్ కోపంతోనే, పళ్లు బిగించి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. పేరు చదివాడు, నంబరు చదివాడు, ఏడు తేదీలూ చదివాడు. చివరిదాకా వచ్చి ఆగాడు.

పీరయ్య ఇంకోసారి చదవమన్నాడు.